ఏ పార్టీకీ చెందని విన్నీ ఓటు

న్యూ హాంప్‌షైర్‌లో ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలైన మర్నాడు పొద్దున్నే, వెయ్యి డాలర్లు కట్టి మరీ అధ్యక్ష పదవికి నిలబడ్డ ఆల్డెన్ టటల్, టౌన్ హాల్లో ఇచ్చిన ఓట్ల లెక్క పట్టుకుని, బూట్లకంటిన మంచు కూడా దులపకుండా వంటింట్లోకొచ్చి పడ్డాడు. భార్య విన్నీ పెనం దగ్గర ఉంది.

"సున్నా! విన్నీ, సున్నా! మన ఊరు మొత్తమ్మీద నాకు గుండుసున్నా!"

"ముందు బూట్లు విప్పు. నేలంతా బురద."

"బూట్లట బూట్లు! ఇక్కడ పరువు పోయి నేనేడుస్తుంటే..."

"పాన్‌కేక్ మీద పాకం ఎక్కువ పొయ్యనా, తక్కువా?"

"మాట మార్చకు. నిన్న అందరి ముందూ ఏమన్నావు? 'డెమొక్రాట్ల బ్యాలెట్ ఇవ్వండి' అన్నావు. గట్టిగా! వరసలో నా వెనకున్న పోస్టుమాన్ ఫ్లాయిడ్ కిసుక్కున నవ్వాడు."

"మనసులో అనుకుంటే ఇవ్వరుగా. పైకి చెప్పాల్సిందే. నేను ఏ పార్టీకీ చెందనిదాన్ని, ఏది అడిగితే అదిస్తారు."

"అదే నా ఏడుపు! మొగుడు రిపబ్లికన్ల బ్యాలెట్లో నిలబడితే పెళ్ళాం దాన్ని ముట్టుకోనైనా లేదు. అటు పోటీచేస్తున్న ఆ సెనేటరమ్మ ఓటడగడానికి మూడుసార్లొచ్చి నువ్వు చేసిన ఆపిల్ పై తినిపోయింది కదూ, కరిగిపోయావు."

"వాళ్ళ బ్యాలెట్ తీసుకుంటానని మాటిచ్చాను. తీసుకున్నాను."

"నలభై ఏళ్ళనుంచీ ఇదే తంతు! ఎవడొచ్చినా 'విన్నీ గారూ, మీలాంటివాళ్ళు ఎటు మొగ్గితే అటే గెలుపు' అనడం. పక్కన నేనొకణ్ణి, కాఫీలు పోస్తూ! పార్టీవాడి ఓటు ఎక్కడికి పోతుందిలే అని, ఒక్కడూ నన్నడగడు."

"అందుకని పోటీ చేశావా?"

"... ఆఁ. అందుకే. నవ్వు, నవ్వు."

"నవ్వట్లేదు. ఆల్డెన్, సున్నా అన్నావే?"

"సున్నాయే."

"అంటే నువ్వు కూడా వేసుకోలేదన్నమాట."

"ఆఁ?"

"నిన్నే."

"పాన్‌కేక్ మాడుతోంది చూడు."

"మాడనీ. ఎవరికేశావు?"

"అది... పోటీ హోరాహోరీగా ఉందన్నారు విన్నీ. బ్యాలెట్ మీద ఇరవై మూడు పేర్లు. నా పేరు చూస్తే నాకే నవ్వొచ్చింది. ఓటు పారేసుకోవడం దేనికని... గెలిచేవాడికి వేసేశా."

"మరి నామీద ఎగురుతావేం?"

"నువ్వైనా వేస్తావనుకున్నా."

"అడిగావా? ఇంతమంది మెట్లెక్కొచ్చి అడిగారు. ఒకే మంచం మీద పడుకునేవాడివి, ఒక్కమాట అడిగావా?"

"సిగ్గేసింది. కాదంటావేమోనని."

"... జేబులో ఆ రెండో కాగితమేంటి?"

"డెమొక్రాట్ల లెక్క. క్లర్కు రెండూ కలిపి చేతిలో పెట్టింది. నాకెందుకది? మీ సెనేటరమ్మ మన ఊళ్ళో ఒక్క ఓటు తేడాతో ఓడిందట."

"ఒక్క ఓటా? అయ్యో!"

"బాగా అయింది. మూడు పైలు దండగ."

"అయితే అయిందిలే. ఆ కాగితం అడుగున చదువు. బ్యాలెట్ మీద లేని పేరు మనమే రాసి ఓటెయ్యొచ్చుగా, 'చేత్తో రాసిన పేర్లు' అని ఉంటుంది."

"ఉంటే నాకేం?"

"చదవవయ్యా, పైకి."

"సర్లే, కళ్ళజోడేదీ... ఆఁ. చేత్తో రాసిన పేర్లు... ఆల్డెన్ టటల్... ఒకటి."