కుప్పయ్య సీసా

యుద్ధం జరుగుతున్న రోజులు. పుత్తూరు దాటాక రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆసుపత్రి బండి ఆగింది. వైద్యం చదువుతున్న సంతోషమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని పుస్తకంలో రాస్తోంది. వరుసలో చివరి మనిషి గంగులమ్మ.

“అది కాదు గంగులమ్మా, నేను అడిగేది నీలం సీసా. నెల ముందర నేను వచ్చినప్పుడు అదే కదా తెచ్చినావు.”

“సీసా సీసానే కదా పాపా. దీంట్లో పొయ్యి.”

“దీంట్లో కిరసనాయిలు వాసన వస్తా ఉండాది.”

“బూడిద పెట్టి తోమినాను. మూడుసార్లు తోమినాను.”

“నీలం సీసాకు నేనే కాగితం కత్తిరించి అంటించినాను, పూటకు ఎంత తాగాలో గీతలు తెలిసేటట్టు. అది యాడ?”

“ఇంట్లో ఉండాది.”

“ఉంటే తెచ్చుండొచ్చు కదా.”

“పగిలిపోయినాది.”

“ఇప్పుడే కదా ఉండాదంటివి.”

“ఇంట్లోనే పగిలిపోయినాది. నువ్వేంది, పోలీసు మాదిరి. మధ్యలో నాలుగు వారాలు వచ్చిన అరవ పాప ఎట్లుండాడని అడిగిందే గానీ సీసా మాట ఎత్తలేదు. పోసిచ్చి పొమ్మనింది.”

“పెద్ద డాక్టరమ్మ నన్ను ఊరికే వదలదమ్మా. మందు పోసేముందు మనిషిని గురించి అడగాల, అడిగింది రాయాల. సాయంత్రం పుస్తకం చూస్తాది. ఏమి, దగ్గుతా ఉండావు?”

“దుమ్ము. నువ్వు రాసుకో.”

“కుప్పయ్య ఎట్లుండాడు?”

“ఇంగోసారి అడుగు.”

“నీ కొడుకు, కుప్పయ్య. ఎట్లుండాడు?”

“బాగుండాడు.”

“దగ్గులో నెత్తురు పడతా ఉండాదా?”

“లేదు.”

“రాత్రిపూట చెమట?”

“అదీ లేదు. శానా నెమ్మదిగా ఉండాడు.”

“అంత నెమ్మదిగా ఉంటే పిలుచుకొని రా. గొట్టం పెట్టి చూస్తాను.”

“రాలేడు.”

“అయితే నేనే వస్తాను. ఆ కనపడే ఇండ్లే కదా.”

“వద్దు. మా ఇంటికి ఎవురూ రారు.”

“నేను వస్తాను.”

“వద్దంటి కదా. ఎండ. దారంతా ముండ్లు.”

“చెప్పులుండాయి. లేస్తా ఉండాను సూడు.”

“కూర్చో పాపా. కూర్చో. సీసా వాని పక్కనే పెట్టేసినాము.”

“పక్కనంటే? మంచం పక్కనా?”

“గుంతలో. వాడు తాగిన లోటా, కప్పుకున్న దుప్పటి, అన్నీ వానితోనే పూడ్చేది. మాలో అట్లనే. సీసా కూడా వానిదే కదా.”

“ఎప్పుడమ్మా?”

“నువ్వు వచ్చి పోయిన మూడో దినం.”

“మరి నాలుగు వారాలు మందు పోయించుకొని పోయినావే. ఏమి చేసినావు?”

“గుంత మీద పోసి వచ్చినాను. వానికని ఇచ్చిన మందు కదా.”

“ఒక మాట చెప్పుండొచ్చు కదా గంగులమ్మా.”

“చెప్తే బండి నిలవదు. మీ డ్రైవరు చిన్నబ్బ చెప్పినాడు. పెట్రోలు కొలిచి ఇస్తా ఉండారంట. వారం వారం మందు తాగాలని చీటీ ఉండే రోగి లేని పల్లెలో బండి నిలిపేది లేదంట. మిగతావాళ్ళది కళ్ళకలక, కాలి పుండు. చీటీ ఉండేది వానికొక్కనికే.”

“పల్లె కోసం చెప్పలేదా?”

“పల్లె కోసం అని చెప్పాలనే అనుకున్నా. అబద్ధం చెప్పినట్టవుతాది.”

“మరి?”

“వాడు పోయినాంక వాని పేరు ఎవురూ ఎత్తరు పాపా. పేరెత్తినా ఆ జబ్బు అంటుకుంటాదని భయం. మా అన్న కూడా వాకిట్లో నిలబడి, ఉండావా అని అడిగి పోతాడు. గురువారం మీరు వస్తారు. కుప్పయ్య ఎట్లుండాడు అంటారు. అది విని ఇంటికి పోతాను.”

“నీళ్ళు తాగు. దగ్గు ఆగేదాకా మాటాడొద్దు.”

“నీకు ఇవన్నీ తెలీవులే. చిన్నదానివి.”

“మా హాస్టల్లో నన్ను పులికాటు అని పిలుస్తారు. మాది పులికాటు సరస్సు పక్క, చేపలు పట్టేవాళ్ళం. నా పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆడ ఒక్కరూ లేరు.”

“నీ పేరేమి?”

“సంతోషమ్మ.”

“సంతోషమ్మా. బాగుండాది కదా, ఏమి నొప్పి వాళ్ళకు? ఇప్పుడేమి రాస్తావు సంతోషమ్మా?”

“చనిపోయినాడని రాయాల.”

“రాస్తే బండి?”

“నిలవదు.”

“సరే. రాసుకో. నీకు మాట రాకూడదు.”

“ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?”

“దుమ్మని చెప్తిని కదా.”

“వాన పడి మూడు దినాలే అయినాది, దుమ్ము యాడుండాది? అట్లా తిరుగు. రవిక కొంచెం పైకి. గొట్టం చల్లగా ఉంటాది, ఉలిక్కిపడొద్దు. ఇప్పుడు ఒకే మాట మళ్ళీ మళ్ళీ అను. లోపల ఎట్లా పలుకుతాదో వినాల.”

“ఏ మాట?”

“నీ ఇష్టం.”

“కుప్పయ్య.”

“ఇంగోసారి.”

“కుప్పయ్య. కుప్పయ్య.”

“ఈ పక్క.”

“కుప్పయ్య.”

“గాలి గట్టిగా పీల్చు. మళ్ళీ.”

“ఏమి, గొట్టం తీసేసినావు? లోపల ఏమి వినపడినాది సంతోషమ్మా?”

“చీటీ ఇట్లియ్యి.”

“వాని పేరు కొట్టేస్తావా?”

“కొట్టేసి, కింద నీ పేరు రాస్తాను. వచ్చే గురువారం బండి నిలుస్తాది.”