ఎర్రనీళ్లలో ఎవరి పాలెంత

నా పేరు గీతాంజలి. వయసు ఇరవై ఏడు. తండ్రి ధనంజయ. తిరుపతిలో పరిశోధక విద్యార్థిని. వాన పడినప్పుడు ఊరి వీధుల నుంచి కొట్టుకొచ్చే నూనెలు, మసి, రసాయనాలు ఏవి ఎక్కడివో లెక్కగట్టడం నా పని. పాలవాగుపేట స్టేషన్లో ఎస్.ఐ. చక్రధర్ గారి ఎదుట నా ఇష్టప్రకారం చెబుతున్నాను. హెడ్ కానిస్టేబుల్ జయచంద్ర గారు రాస్తున్నారు. "కొంచెం నిదానంగా చెప్పమ్మా, చెయ్యి నొస్తా ఉండాది" అని ఆయన ఇప్పటికే కలం కింద పెట్టారు. ఏం చేయను, ఇన్నాళ్లూ కంప్యూటరు దాటి బయటికి రాని నా లెక్క మొట్టమొదటిసారి ఒక మనిషికి అక్కరకొచ్చింది!

ఈ ఊళ్లో పెద్ద కాలువ ఒక్కటే. అది నేరుగా చెరువులో కలుస్తుంది. అందుకే ఈ ఊరిని ఎంచుకున్నాను. వేసవిలోనే బస్టాండు, లారీ మెకానిక్ షెడ్లు, హోటళ్లు, కుప్పయ్య గారి నూలు అద్దకం షెడ్డు, ఇలా ఒక్కోచోట మురుగు పట్టి పరీక్షించాను. డీజిలులోని రసాయనాల కలగలుపు వేరు, వాడిన ఇంజనాయిలుది వేరు, తారుది వేరు, బట్టల రంగులది వేరు. చెరువు దగ్గర కాలువ చివర, వాన రాగానే దానంతటదే నీళ్లు పట్టుకునే పెట్టె బిగించాను. ఆ నీళ్లను పరీక్షించి, ఏ చోటి పాలెంతో వెనక్కి లెక్క వేస్తాం. సాంబారు నోట్లో వేసుకుని పప్పెంత, పులుసెంత, ఇంగువెంత అని చెప్పినట్టే.

ఆయుధపూజ మరునాడు మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. కాలువ ఎర్రగా పారింది. సాయంత్రానికి చెరువులో చేపలు చచ్చి తేలాయి. చేపల కోసం చెరువును వేలంపాటలో తీసుకున్న మునెయ్య గారు ఫిర్యాదు ఇచ్చారు. ఎర్రనీళ్లు అనగానే ఊరంతా కుప్పయ్య గారి వైపే వేలు చూపింది. షెడ్డుకు తాళం వేశారు, ఆయన్ని జైలుకు పంపారు. రేపు చిత్తూరు కోర్టులో ఆయన బెయిలు విచారణ. ఈ మాట అందుకే ఇవాళే చెప్పాలి.

నేను షెడ్డు దగ్గరికి వెళితే ఆయన భార్య మునిరత్నమ్మ గారు తాళం వైపు చూస్తూ చెప్పారు. "పండగకి రంగు తొట్లు కడిగి, బోర్లించి, పసుపూ కుంకం పెట్టి మొక్కినామమ్మా. పూజయినాక మూడు దినాలు వాట్లో చెయ్యే పెట్టం. ఇంగ రంగు యాడినుంచి వచ్చింటాది?" ఇదే మాట నేను బస్సెక్కేదాకా చెబుతూనే ఉన్నారు.

ఎరుపు రంగుకు కారణం వీధిలోనే ఉంది. ప్రతి షెడ్డు ముందు, ప్రతి లారీ ముందు కుంకుమ నింపిన బూడిదగుమ్మడికాయలు పగలగొట్టి ఉన్నాయి. వాన ఆ కుంకుమనంతా కాలువలోకి తోసింది.

చేపల్ని చంపింది ఎరుపు కాదు. నిన్న ఫలితం వచ్చింది. చూసి నేను ల్యాబులో గంతులేశాను, ఎవరు నవ్వినా సరే. బట్టల రంగుల పాలు ఉందా లేదా అన్నంత. సగానికి పైగా డీజిలు, వాడిన ఇంజనాయిలు. చచ్చిన చేపల మొప్పల్లోనూ అవే ఉన్నాయి. పూజకు అన్నీ తళతళలాడాలని లారీలు, స్పానర్లు, జాకీలు డీజిలుతో కడిగి, ఆ కడిగిన డీజిలును కాలువలో పోశారు. భక్తితో చేసిన పనే, చేపలకు మాత్రం విషమైంది.

అయితే మిగిలిన దాంట్లో కొంత ఎవరి లెక్కకూ కుదరలేదు. కిరసనాయిలు, దాంతో ఏదో పలచని నూనె. ఎస్.ఐ. గారు అడిగారు: "ఆ మిగిలింది యాడిదమ్మా?"

"దాన్ని ఎతుక్కుంటానే ఈడికి వచ్చినాను సార్!" అన్నాను. పొద్దున కాలువ గట్టున నడుస్తూ ప్రతి తూము దగ్గరా వంగి వాసన చూశాను. ఒక్క తూము దగ్గర కిరసనాయిలు గుప్పుమంది. ఆ తూము ఈ స్టేషన్ వెనక గోడ కిందనుంచి వస్తోంది. గోడ పక్కనే నూనె గుడ్డలు పడున్నాయి. అక్కడి మట్టిని సీసాలోకి తీసుకున్నాను. పరీక్ష అయ్యాక గానీ ఖాయంగా చెప్పను.

జయచంద్ర గారు రాయడం ఆపారు. "సార్, ఇది గూడా రాసేదా?"

ఎస్.ఐ. గారు గోడకు వరసగా నిలబెట్టిన తుపాకుల వైపు చూశారు. వాటికి పెట్టిన కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. "పూజకి కిరసనాయిలేసి తుడిచింది నువ్వే గదప్పా. రాయి."

ఇదంతా నాకు చదివి వినిపించారు. స్టేషన్ తూము మాట వచ్చినచోట జయచంద్ర గారి గొంతు బాగా తగ్గింది. మునిరత్నమ్మ గారు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆ వాక్యం ఆమెకు వినబడేలా మళ్లీ చదవమని అడిగాను. చదివారు. నేను చెప్పింది చెప్పినట్టే రాశారు, ఇందులో అబద్ధం ఒక్క చుక్క లేదు.

(సంతకం)
డి. గీతాంజలి