గోడ మీద కళ్ళు

దూరదేశంలో, గోజాం సీమలో ఒక పల్లె చర్చి. ఎంగిద నిచ్చెన మీద నిలబడి గోడకి బొమ్మలు వేస్తున్నాడు. కింద యెషి అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి రావడం.

“దిగుతావా, నన్నే ఎక్కి రమ్మంటావా?”

“రంగు ఆరిపోతుందవ్వా. ఏదైనా ఉంటే పాదిరిగారితో చెప్పుకో.”

“చెప్పుకున్నా. బొమ్మల సంగతి ఎంగిదనడుగు అన్నాడు. నువ్వేమో ఆయన్నడగమంటావు. నేనేమన్నా బంతినా, ఇటు తన్ని అటు తన్నడానికి?”

“సరే, సరే. ఏమైంది?”

“నా మనవరాలు బిర్కె నా చేతి ముద్ద తినటం లేదు. నాలుగు రోజులైంది. ఇంజెరా రొట్టె చుట్టి నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించేస్తోంది. ‘నువ్వు దయ్యానివి’ అంటోంది.”

“చిన్నపిల్ల. రెండ్రోజులు పోతే మర్చిపోతుంది.”

“ఎలా మర్చిపోతుంది? ఆదివారం పాదిరి పుల్ల పట్టుకుని ఈ గోడ దగ్గరే కదా పాఠం చెప్పింది! ‘కళ్ళు లెక్కపెట్టండర్రా. రెండుంటే దేవుడి మనుషులు, ఒకటే ఉంటే సైతాను మనుషులు’ అని. పిల్లలంతా గోడని లెక్కపెట్టారు. తర్వాత వెనక్కి తిరిగి నన్ను లెక్కపెట్టారు.”

“ఆ పోయిన కంటికి గుడ్డ కట్టుకోకపోయావా?”

“కట్టుకున్నా. ‘కన్ను దాచుకున్న దయ్యం’ అంది బిర్కె.”

“అది నేను పెట్టిన పద్ధతి కాదవ్వా. మా గురువూ అంతే, ఆయన గురువూ అంతే. మంచివాళ్ళని ఎదురుగా వేస్తాం, చెడ్డవాళ్ళని పక్కకి తిప్పేస్తాం. పక్కకి తిప్పితే ఒక్క కన్నేగా కనపడేది! రెండోది అవతల పక్క ఉంటుంది.”

“ఆ అవతల పక్క సంగతి ఆరేళ్ళ పిల్లకి నువ్వొచ్చి చెప్పు!”

“చదువొచ్చిన ఊరైతే బొమ్మ కింద పేర్లు రాసేవాణ్ణి. మీకు అక్షరం ముక్క రాదు. ఎవడు పేతురో ఎవడు యూదానో ఎలా తెలియాలి మరి?”

“అక్షరం రానిది మాకు. బుద్ధి లేనిది ఎవరికో! ఒంటికన్ను మంచివాడు మీ పుస్తకాల్లో ఒక్కడూ లేడా? మరియమ్మ అద్భుతాలు చదివేటప్పుడు వింటూనే ఉన్నాగా. కొండని కదిలించిన ఆ చెప్పులు కుట్టేవాడు, వాడికున్నది ఒక్క కన్నే కదా? వాణ్ణి వెయ్యి.”

“వేశాను, వేరే ఊళ్ళో. ఏం చేశారో తెలుసా? వీడూ సైతానే అనుకుని ఆడవాళ్ళు ఆ ఉన్న కన్ను కూడా గోళ్ళతో గీకేశారు. బూడిదలో పోసిన పన్నీరైంది నా కష్టం.”

“అయితే నన్నే వెయ్యి. మరియమ్మ కాళ్ళ దగ్గర, రెండు కళ్ళతో.”

“అక్కడ మీ అబ్బాయి, బిర్కె నాన్న గోషు బొమ్మ ఉందిగా. ఈ గోడకి బొమ్మలు వేయించడానికి ఎద్దునిచ్చింది ఆయన. ఇచ్చినవాళ్ళకే ఆ చోటు.”

“కాస్త పక్కన. ఇంతే, జానెడు.”

“ఆయన్ని అడగాలి.”

“వాణ్ణి అడగక్కర్లేదు.”

“అదేంటి, కన్నకొడుకేగా! పోనీ పిల్లకి నువ్వే చెప్పొచ్చుగా, కంట్లో ముల్లు గుచ్చుకుందని. ఊరంతా అదేగా అంటోంది.”

“అంటోంది.”

“మరి?”

“ఏం లేదు. నీ పని చూసుకో.”

“ఇంతసేపూ నా ప్రాణం తీసి ఇప్పుడు పని చూసుకోమంటావేంటి? అవ్వా! ఏడుస్తున్నావా?”

“ఆ రోజు వాడు ఉన్న రెండెద్దుల్లో ఒకటి చర్చికి తోలుకెళ్తున్నాడు. ‘గోడ మీద నీ బొమ్మ కోసం ఎద్దునిచ్చేస్తే రేపు దున్నేది దేంతోరా, నీ తలకాయతోనా?’ అన్నాను. చేతిలో ములుకోల ఉంది. విసిరాడు.”

“గోషునా?”

“నేను చెప్పలేదు. నువ్వు వినలేదు.”

“ఓరి దేవుడా! వాణ్ణా నేను చేతులు జోడించినట్టు వేసింది! వాడికా ఇంతింత కళ్ళు రెండు పెట్టింది! ఉండు. ఇప్పుడే మొహం పక్కకి తిప్పేస్తా. ఎంతసేపు! ఊరంతా లెక్కపెట్టుకోనీ.”

“వద్దు.”

“పాదిరికి నేను చెప్పుకుంటా. పోతే నా కూలి పోతుంది.”

“వద్దంటున్నానా! కుంచె దించు. దించు ముందు.”

“నీ కన్ను పోగొట్టినవాడవ్వా! వాడి మొహానికి ఊరంతా దణ్ణం పెడుతుంటే నీకు మండదూ?”

“మండదా? కడుపులో కుంపటి రగులుతోంది. అయినా వద్దు. తల్లి లేని పిల్ల నాయనా. నాలుగు రోజులుగా వాడి చేతి ముద్దే తింటోంది. వాణ్ణి కూడా దయ్యాన్ని చేస్తే రేపు అది ఎవరి చేత్తో తింటుంది?”