బకెట్లో మిగిలిన నాచు

మందమర్రి క్వార్టర్‌లో, ఉప్పునీటి చేపల తొట్టికి తగిలించిన ప్లాస్టిక్ డబ్బాను తల్లి తళతళలాడేలా తోమిపెట్టింది. కాలేజీ నుంచి వచ్చిన కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది.

"అవ్వా, డబ్బల నాచు ఏది?"

"తీసేసిన. పురుగులు గూడ మెసులుతున్నయి. కడగకుంటె ఎట్లనే?"

"గా పురుగుల కోసమే నాచు పెంచుతున్న! నీళ్లతోని తొట్టిలకు కొట్టుకొస్తె చేప తింటది. నాలుగొద్దులాయె, గవి తప్ప ఇంకేం ముడుతలేదు."

"అయ్యో, దాని నోటికాడి బువ్వ తీసిన్నా!"

"పారబోసినవా?"

"లే. ఉప్పునీళ్లు పోస్తె కరివేపాకు చెట్టు చస్తదని బకెట్లనే ఉంచిన."

కూతురు నాచును మళ్లీ డబ్బాలో పరిచి, చిన్న మోటారు వేసింది. కాసేపటికి చేప నోరు తెరిచి దేన్నో అందుకుంది.

"తిన్నదే! అగో, ఇంకోటి!" ముందు అరిచింది తల్లే. "ఇగ డబ్బ ముట్ట. తొట్టి అద్దం మాత్రం తుడుస్త, నన్ను ఆపకు."