సాన్వి తినని చపాతీలు

సభాధ్యక్షులు బ్రహ్మయ్య గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు, ఇరవై రెండేళ్లు ఈ పిస్కాటవే ఊరి ల్యాబ్‌లో మనందరి రక్తమూ తీసి ఇవాళ రిటైరవుతున్న మా నాగమణికి ఈ చాముండేశ్వరి నమస్కారాలు. నన్ను రెండు నిమిషాలే మాట్లాడమన్నారు. బ్రహ్మయ్య గారూ, ఇందాక మీరు పావుగంట మాట్లాడారు, నేను గడియారం చూశాను. (నవ్వులు)

నాగమణి సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదని అందరూ చెప్పారు. నిజమే. ఒకరోజు ఆవిడ గుచ్చకుండా పక్కన పెట్టేసిన సూది గురించి చెబుదామని నేను లేచాను.

మూడేళ్ల కిందట, మా మనవరాలు సాన్వికి ఎనిమిదేళ్లప్పుడు, ఏం తిన్నా కడుపునొప్పి, ఎదుగుదల లేదు. మా కోడలు భావన ఇంటర్నెట్‌లో ఏదో కిట్ తెప్పించి, పిల్ల వేలు పొడిచి రక్తపు చుక్క పంపితే, ముప్పై ఆరు పదార్థాలు పడవని జాబితా వచ్చింది. అందులో గోధుమ సరే, చింతపండు కూడా! మా ఇంట్లో పుట్టి చింతపండు పడకపోవడమేమిటండీ? (నవ్వులు) అయినా భయపడి అన్నీ మానిపించాం. డాక్టరుగారు ఆ కాగితం పక్కన పెట్టేసి, నాకు గోధుమ మీదే అనుమానం, అది రక్తపరీక్షలో తేలాలంటే ముందు ఆరు వారాలు పిల్ల రోజూ గోధుమ తినాలి అన్నారు.

భావన పొద్దున్నే చపాతీలు చేసి, "అత్తయ్యా, స్కూల్ నుంచి రాగానే తినిపించండి, మిస్ చేయొద్దు" అని ఆఫీస్‌కి వెళ్లేది. మొదటి వారం పెట్టాను. పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఇక నావల్ల కాలేదు. దానికి పెరుగన్నం పెట్టి, ఆ చపాతీలు నేను తినేశాను. ఐదు వారాలు! నాకెలాగూ షుగరుంది కదా అనుకున్నాను. (నవ్వులు) భావనా, నువ్వు నవ్వకు, నీ దగ్గరికే వస్తున్నాను.

పరీక్ష రోజు ఆఫీస్ కాల్ వచ్చి భావన బయటే నిలబడిపోయింది. లోపల నాగమణి పిల్ల చేతికి రబ్బరు పట్టీ కట్టి, భయం పోవడానికి కబుర్లలో పెట్టింది.

"నిన్న ఏం తిన్నావమ్మా?"

"కర్డ్ రైస్. ఎవ్రీ డే కర్డ్ రైస్. చపాతీ నానమ్మ తింటుంది. ఇట్స్ అవర్ సీక్రెట్."

నాగమణి నావైపు చూసి, పట్టీ విప్పేసింది. "అక్కయ్యగారూ, ఇప్పుడు తీస్తే ఏమీ లేదని రావచ్చు. అది నమ్మి మీరు జన్మంతా పిల్లకి గోధుమే పెడతారు" అని, డాక్టరుకి ఫోన్ చేసి పరీక్ష వాయిదా వేయించింది. నాకు ఒళ్లు మండింది. రక్తం తీసే మనిషివి, మా ఇంటి సంగతి నీకెందుకమ్మా అని నలుగురూ వినేట్టు అరిచాను. ఆవిడ పట్టీ చుట్టి పెట్టుకుంటూ, "మీ కోడలికి మీరే చెప్పండి" అంది, అంతే.

నేను చెప్పలేదు, పిల్ల గోధుమ సరిగ్గా తినలేదట, పరీక్ష వాయిదా వేశారు అని మాత్రం అన్నాను. కారులో భావన, "నేనే ఆఫీస్ పనిలో పడి సరిగ్గా చూసుకోలేదు అత్తయ్యా" అని ఏడ్చింది. పక్క సీట్లోంచి నేను రుమాలు మాత్రం అందించాను.

మళ్లీ ఆరు వారాలు, ఏడుస్తూనే, నా చేత్తో తినిపించాను. ఈసారి రక్తంలో తేలింది, తర్వాతి పరీక్షల్లో గోధుమేనని ఖాయమైంది. మానేశాక పిల్ల ఎంత ఎదిగిందో చూడండి. లేచి నిలబడు సాన్వీ! (చప్పట్లు) నన్ను దాటేసింది. రక్తం తీసేసి, గొట్టం మీద పేరు అంటించి పంపేస్తే ఆ రోజు నాగమణిని ఎవరూ ఏమీ అనేవారు కాదు. అయినా పిల్లని అడిగింది, నాచేత మాట కూడా పడింది. ఆవిడ మన మనిషని చెప్పుకోవడం నాకెంత గర్వమో!

భావనా, ఆ రోజు తప్పు నీది కాదమ్మా, నాది. నాగమణీ, నువ్వు చెప్పమన్న మాట మూడేళ్లకి చెప్పాను, విన్నావుగా? నన్ను క్షమించు.

అదిగో, భావన లేచి ఇటే వస్తోంది. తిట్టడానికో, ఎందుకో నాకు తెలియదు. ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. బ్రహ్మయ్య గారూ, ఈ మైకు పట్టుకోండి, నాకు రెండు చేతులూ కావాలి. సెలవు.