మాట తెలియని కత్తి కింద

ఎవరి గురించీ, మీ పెద్దతాత గురించా? అయితే కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊడింది, దానికీ నాకూ ఒకటే వయసు. ఈ బల్ల మీద కూర్చో. ముందు ఆ గడ్డం సంగతి చెప్పు, పిచ్చుకలకి గానీ అద్దెకిచ్చావా? మీ వంశంలో గడ్డాలన్నీ ఇంతే, తుప్పలు. మీ పెద్దతాతది మరీనూ. నేను కాబట్టి గీశాను. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది గానీ, ఆ రోజుల్లో ఈ షాపులో తోలుపట్టా మీద కత్తి నూరుతుంటే ఆ చప్పుడుకే సగం గడ్డాలు రాలిపోయేవి. నవ్వకు. జలుబు చేసిన మనిషికి తుమ్ముకీ తుమ్ముకీ మధ్యలో మీసం దిద్దినవాణ్ణి. సరే, ఏదో చెబుతున్నా... ఆ, మీ పెద్దతాత. ఊరంతా సందేహాల మాస్టారు అనేవాళ్లు. కాలేజీలో తత్వం చెప్పేవాడు కదా. తత్వం అంటే ఏంటి మాస్టారూ అని అడిగితే, దేన్నీ ముందుగా నమ్మకపోవడం అన్నాడు. అన్నిటినీ అనుమానించుకుంటూ పోతే చివరికి ఏది మిగులుతుందో అదే నిజమట. దాని మీద లావుపాటి పుస్తకం రాస్తున్నాడు. పొద్దున్నే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, ఈ కుర్చీ ఉందని నీకెలా తెలుసోయ్ అనేవాడు. లేకపోతే మీరు కింద పడి ఉండేవారు కదా అంటే, పడలేదని నీకెలా తెలుసు అనేవాడు. అలాంటి మనిషితో ఏం వేగుతాం? కానీ నా దగ్గర ఒక ఉపాయం ఉంది. నురగ పెట్టి కత్తి మెడ మీద ఆనించానంటే నోరు మెదపకూడదు, అది షాపు రూలు. అప్పుడు మొత్తం నేనే మాట్లాడేవాణ్ణి. మొహం కడుక్కోగానే మళ్లీ ఆయన అందుకునేవాడు. అంత చదువుకున్న మనిషి పొద్దున పొద్దున్నే నా చేతిలో ఓడిపోయేవాడయ్యా. ఓడిపోవడానికే వచ్చేవాడేమో కూడా. మీ పెద్దనానమ్మ పోయాక ఇంట్లో ఆయనతో ఎదురు మాట్లాడేవాళ్లు లేరు మరి.

అలా ఉండగా విదేశం నుంచి పిలుపొచ్చింది. అక్కడి పండితులకి అనుమానించడం ఎలాగో ఇంగ్లీషులో చెప్పాలట. మా బావమరిది కోటు అడిగి నేనే ఇప్పించాను, భుజాలు మోకాళ్ల దాకా జారేవి. అక్కడికెళ్లాక గడ్డం గొడవ వచ్చి పడింది. ఆయనకి సొంతంగా గీసుకోవడం రాదు. అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది, ఏది నా అసలు చెంపో తేలందే కత్తి పెట్టనంటాడు. మీటింగు రోజు పొద్దున ఇక తప్పక వీధిలో కనబడిన షాపులోకి దూరాడు. అక్కడివాడు గుమ్మం పట్టనంత మనిషట, నాకంటే వాగుడుకాయట, అది మాత్రం నేను నమ్మను. వాడి భాషలో వాడు ఏదో చెబుతున్నాడు, నవ్వుతున్నాడు, ఏదో అడుగుతున్నాడు. ఈయనకి ఒక్క ముక్క తెలియదు. తల ఆడించి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకున్నాడు. వాడి కత్తి గొంతు మీదికి వచ్చింది. వచ్చి, గీసి, వెళ్లిపోయింది. అప్పుడు కళ్లు తెరిచాడట మీ పెద్దతాత. మీటింగుకి వెళ్లి, రాసుకున్న కాగితాలు పక్కన పెట్టేసి, నున్నటి మెడ తడుముకుంటూ మాట్లాడాడట. ఆ చెప్పింది వాళ్లకి పిచ్చిపిచ్చిగా నచ్చిందట. నాకు అక్కడి వాళ్ల సంగతి తెలియదు. ఇక్కడికి వచ్చాక నాతో ఏమన్నాడో అది చెబుతా.

రైలు దిగి ఇంటికి కూడా వెళ్లలేదు, పెట్టెతో సహా ఇక్కడికే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఉందా లేదా అని అడగలేదు. నేనే కుర్చీని ఒకసారి కదిపి చూశాను. "అనుమానించాలన్నా ముందు ఎక్కడో ఒక చోట మెడ వాల్చి కూర్చోవాలోయ్" అన్నాడు. "నా పుస్తకం తలకిందులుగా మొదలుపెట్టాను." నేను ఊరుకుంటానా, ఇన్నేళ్లుగా మీ మెడ నా చేతిలోనే ఉంది కదా, అది తెలుసుకోడానికి సముద్రం దాటాలా అన్నాను. ఆయన నవ్వలేదు. "నీ మాటల హోరులో నీ చెయ్యి నాకు కనబడలేదు. అక్కడ మాట తెలియలేదు, అందుకని చెయ్యి కనబడింది" అన్నాడు. నేను అప్పటికే నూరిన కత్తిని మళ్లీ నూరడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత రోజూ వచ్చేవాడు, కానీ వాదన లేదు. వచ్చి నా చెయ్యి చూస్తూ కూర్చునేవాడు. చూస్తుంటే నాకే తడబాటు వచ్చేది. కొన్నాళ్లకి మళ్లీ పిలిచారు, ఈసారి అక్కడే ఉండిపొమ్మని. వెళ్తానన్నాడు. ఎందుకు మాస్టారూ, ఇక్కడేం తక్కువైంది అంటే, ఇక్కడ అందరి మాటా అర్థమైపోతోందోయ్, అదే ఇబ్బంది అన్నాడు. సరే, నేనూ మొండివాణ్ణే. మర్నాడు ఆయన కూర్చోగానే నోరు కుట్టేసుకున్నాను. నురగ పెట్టాను, గీశాను, పటిక రాశాను, మొహం తుడిచాను, ఒక్క మాట లేదు. నేను! వీధిలో వాళ్లు వచ్చి తొంగి చూశారు, నాకు పక్షవాతం గానీ వచ్చిందా అని. నా మాట అడ్డమైతే అది తీసేస్తాను, మీరు మాత్రం ఉండండి, అదీ నా ఉద్దేశం. గుడ్డ విప్పుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడకపోయినా నువ్వేమంటున్నావో నాకు వినబడుతోందిరా" అన్నాడు. అంతవరకూ ఎప్పుడూ రా అనలేదు నన్ను. ఆ వారంలోనే వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. ఒక ఊళ్లో మాట పట్టుబడగానే ఆ ఊరు వదిలి ఇంకో ఊరికి వెళ్లేవాడట, మీ తాత చెప్పేవాడు. పుస్తకం అచ్చయిందన్నారు, గొప్పదన్నారు. నాకు చదువు రాదు. ఆయన ఆఖరికి ఎక్కడో పోయాడని మీ తాతే వచ్చి ఇక్కడ, ఈ బల్ల మీదే కూర్చుని చెప్పాడు. నేను అడిగింది ఒకటే, చివర్లో గడ్డం ఎవరు గీశారో తెలిసిందా అని. మీ తాత నన్ను అదోలా చూశాడు. అది కాదురా నాయనా. ఎడమ చెవి కింద సుడి ఉండేది మాస్టారికి. అక్కడ వెంట్రుక అడ్డం తిరిగి మొలుస్తుంది. అందరికీ లాగినట్టు పైనుంచి కిందికి లాగితే తెగుతుంది. కింద నుంచి పైకి వెళ్లాలి, మెల్లగా, చర్మం కాస్త వేలితో లాగిపట్టి. ఆ సంగతి ఆయన చెప్పడు. చెప్పాలన్నా అక్కడి మాట రాదు. ఆ చెయ్యి ఎవరిదో గానీ, ఆ సుడి చూసుకునే ఉంటుందంటావా?

ఏం లేదు. ఆ కిటికీ రెక్క కాస్త వెయ్యి, దుమ్ము వస్తోంది.