బియ్యం డబ్బాలో ఫోను

సాయంత్రం ఎల్లారెడ్డిలో బస్సు దిగి ఇంటికొచ్చిన మొగుడికి ఆమె చెంబుతో నీళ్లందించింది.

“ఫోను బియ్యం డబ్బాల దాచి కామారెడ్డికి పోయినవేందయ్యా?”

“మనం యాడ తిరిగేది పెద్ద కంపెనీలోళ్లు ఫోన్ల చూస్తున్నరే. గందుకే.”

“లొకేషన్ బంద్ వెడితే అయిపోతది గదా?”

“బంద్ వెట్టినా ఇడువరు. ట్రాక్టర్ల దుకాణం ముంగట నిలవడితే చాలు, తెల్లారి ఫోన్ల అన్నీ ట్రాక్టర్లే.”

“అవు మల్ల, గంత పెద్దోళ్లకు నీ మీదనే కన్ను! ఇందాక బియ్యం తీస్తుంటే డబ్బాల ఫోను మోగింది.”

“ఎత్తినవా?”

“ఎత్తిన. మా అవ్వ నాకిచ్చిన రెండెకరాలకు నువ్వు పొద్దుగాల కామారెడ్డిల బేరం జేసినవంట. సోమవారం సంతకానికి నన్ను తోల్కరమ్మని కొనేటాయన చెప్పిండు.”

ఆయనకు నీళ్లు గొంతుకు అడ్డం పడ్డాయి.

“కంపెనీలోళ్లకైతే నువ్వు దొరకలేదు తియ్యి. సోమవారం నేను గూడ ఎవ్వలకు దొరకను.”